క్రిస్మస్‌కి ఇంటి నిండా దీపపు వెలుగు: నా అనుభవం

ఈసారి క్రిస్మస్‌కి ఇంట్లో లైట్లన్నీ ఒకే రంగులో ఉండాలని ముందే తేల్చుకున్నాం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని వెంట ఒకటి పరుగెత్తే సెట్లు వద్దు, తెల్లగా మిరుమిట్లు గొలిపేవీ వద్దు. లేత పసుపు రంగులో, కదలకుండా వెలిగే చిన్న బల్బుల దండలు మాత్రమే కావాలి. మామయ్యగారికి శుక్లాల ఆపరేషన్ అయినప్పటి నుంచి తెల్లటి వెలుగు కళ్ళలో గుచ్చుకున్నట్టు ఉంటోందట. ఆరుతూ వెలుగుతూ ఉండే లైట్లున్న గదిలో ఆయన ఎక్కువసేపు కూర్చోలేరు. పండుగ రోజుల్లో ఇల్లంతా హాల్లో ఉంటే పెద్దాయన ఒక్కరే తన గదిలోకి వెళ్ళిపోవడం నాకు ఇష్టం లేదు. ఈ పని మొదలుపెట్టడానికి అసలు కారణం అదే.

ఆ రంగు మీద నాకు ముందు నుంచీ మక్కువ కూడా ఉంది. క్రిస్మస్ చెట్టు మీద మొదట వెలిగినవి కొవ్వొత్తులే. కొమ్మల చివర చిన్న చిన్న కొవ్వొత్తులు నిలబెట్టి, నిప్పు అంటుకుంటుందేమోనని పక్కన బకెట్‌తో నీళ్ళు పెట్టుకుని కాసేపే వెలిగించేవారు. 1882 డిసెంబరులో న్యూయార్క్‌లో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో చెట్టుకు ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో 80 కరెంటు బల్బులు అమర్చాడు. చెట్టు గుండ్రంగా తిరిగే ఏర్పాటు కూడా చేశాడు. 1890లలో, గ్రోవర్ క్లీవ్‌లాండ్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, వైట్‌హౌస్ చెట్టు మీదికీ కరెంటు బల్బులు వచ్చాయి. మెల్లగా కొవ్వొత్తుల భయం పోయింది. మంచిదే. కానీ కొవ్వొత్తి వెలుగులో మనిషి ముఖం కనిపించే తీరు ఉంటుందే, అది పోకూడదని నా కోరిక.

కొనేటప్పుడు డబ్బా మీద వార్మ్ వైట్ అన్న మాట ఒక్కటే చూసి తెచ్చుకోవద్దని నా సలహా. దాని పక్కన వెలుగు రంగు ఎలాంటిదో చెప్పే కెల్విన్ అంకె ఉంటుంది, అది చూడాలి. కొవ్వొత్తి మంట సుమారు 1,900 కెల్విన్. పాత ఫిలమెంట్ బల్బు 2,700 దగ్గర ఉంటుంది. తెల్లటి ట్యూబ్‌లైటు 6,500 దాకా పోతుంది. అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు, నారింజ వైపు జరుగుతుంది, పెరిగేకొద్దీ నీలం వైపు పోతుంది. 3,000 ఉన్నవాటిని కూడా వార్మ్ అనే అమ్ముతారు. విడిగా చూస్తే అవీ బాగానే ఉంటాయి. 2,700 దండ పక్కన పెడితే మాత్రం పాలిపోయినట్టు కనిపిస్తాయి. మేం హాలుకి, చెట్టుకి 2,700వి తీసుకున్నాం. యేసు పుట్టిన పశువుల పాకను చూపే బొమ్మలకు మాత్రం ఇంకా తక్కువగా, 2,200వి వెతికి తెచ్చాం. అక్కడ వెలుగు కాస్త ముదురు తేనె రంగులో ఉండాలనిపించింది.

ఒకే అంకె వేసి ఉన్న రెండు సెట్లు కూడా ఒక్కోసారి ఒకేలా ఉండవు. దీనికి కారణం ఎల్‌ఈడీ తయారయ్యే తీరులోనే ఉంది. తెల్ల ఎల్‌ఈడీ లోపల నిజంగా వెలిగేది నీలం రంగు. ఆ నీలి ఎల్‌ఈడీని సాధించినందుకే 2014లో ముగ్గురు శాస్త్రవేత్తలకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. దాని మీద ఫాస్ఫర్ అనే పూత వేస్తారు. పూత కొంత నీలాన్ని పీల్చుకుని పసుపుగా, ఎరుపుగా బయటికి వదులుతుంది. పూత పాళ్ళు కాస్త మారితే చాలు, ఒక దండ గులాబీ ఛాయలోకో ఆకుపచ్చ ఛాయలోకో పోతుంది. అందుకే చెట్టుకు కావలసినవన్నీ ఒకే కంపెనీవి, ఒకేసారి కొన్నాం. ఇంటికి తెచ్చాక ఒక్కో దండనూ పూర్తిగా విప్పి, తెల్లగోడ పక్కన రెండేసి వెలిగించి చూశాను. ఒకటి కొంచెం ఆకుపచ్చగా ఉందని పాప ముందు కనిపెట్టింది. దాన్ని మిగతావాటితో కలపకుండా మెట్ల దగ్గరికి కేటాయించాం. విడిగా ఉన్నప్పుడు ఆ తేడా ఎవరికీ తెలియదు.

చుట్ట విప్పకుండా ప్లగ్గు పెట్టకూడదని ఇక్కడే చెప్పాలి. ఎల్‌ఈడీలకు పాత బల్బులంత వేడి ఉండకపోయినా, చుట్టగా ఉన్న వైరుకు గాలి ఆడదు. అదీకాక, విప్పి చూస్తేనే ఎక్కడైనా వైరు చిట్లిందా, ప్లగ్గు దగ్గర తొడుగు ఊడిందా తెలుస్తుంది.

ఇంకో పరీక్ష ఫోన్‌తో చేశాను. లైటు వెలిగించి ఫోన్ కెమెరాను దగ్గరగా పెట్టి చూస్తే కొన్ని దండలు స్క్రీన్ మీద చారలు చారలుగా కనిపిస్తాయి. అంటే అవి కరెంటుతో పాటు సెకనుకు యాభై, వంద సార్లు ఆరి వెలుగుతున్నాయన్నమాట. కంటికి నేరుగా అంతగా తెలియదు. కానీ చూపు ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తిప్పినప్పుడు చుక్కలు చుక్కలుగా అనిపిస్తుంది, కొందరికి తలనొప్పి కూడా వస్తుంది. మామయ్యగారిని కూర్చోబెట్టి, ఏది ఏదో చెప్పకుండా ఒక్కోటీ వెలిగించాను. చారలు వచ్చిన దండనే ఆయన కూడా “ఇది వద్దమ్మా” అన్నారు. అడాప్టర్‌తో తక్కువ వోల్టేజీ మీద నడిచే దండల్లో మాకు ఈ ఇబ్బంది కనిపించలేదు. పైగా పిల్లలున్న ఇంట్లో చేతికి అందే ఎత్తులో కట్టడానికి తక్కువ వోల్టేజీవే మేలు. హాల్లోకి అవే వాడాం.

తరువాత రెండు రోజులూ ఏమీ కట్టలేదు. రాత్రి లైట్లన్నీ ఆపేసి ఇల్లంతా తిరిగాను. నా దృష్టిలో మొత్తం పనిలో ఇదే ముఖ్యం. లైట్లు ఎక్కడ పెట్టాలో వెలుగులో నిలబడి ఆలోచిస్తే ప్రతి గోడా ఖాళీగా కనిపిస్తుంది, ప్రతిదానికీ ఒక దండ వేలాడదియ్యాలనిపిస్తుంది. చీకట్లో నడిస్తే అసలు ఎక్కడ చీకటి అందంగా ఉందో తెలుస్తుంది. వంటింటి గుమ్మం, పుస్తకాల అర పక్కనున్న గోడ, సోఫా వెనకాల మూల, వీటిని అలాగే వదిలెయ్యాలనుకున్నాను. హాల్లో పెద్ద కిటికీ, చెట్టు పెట్టే మూల, పశువుల పాక పెట్టే బల్ల, మెట్లు, బయట బాల్కనీ. ఇవి చాలు. ఈ దీపాలకు వెచ్చదనం తెచ్చేది చుట్టూ ఉన్న చీకటే. ఇల్లంతా సమానంగా వెలిగితే ఎంత మంచి దండ అయినా మామూలు కరెంటు బల్బులాగే ఉండిపోతుంది.

అలా తిరుగుతున్నప్పుడే ప్లగ్గుల లెక్క కూడా చూసుకున్నాను. కిటికీ దగ్గర ఒక స్విచ్ బోర్డు ఉంది, చెట్టు మూలలో లేదు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ నుంచి ఇంకో ఎక్స్‌టెన్షన్ బాక్స్ తగిలించడం మావారికి అస్సలు నచ్చదు, నాకూ అంతే. అందుకని చెట్టునే బోర్డుకు దగ్గరగా జరిపాం. కరెంటు ఖర్చు గురించి భయపడాల్సింది లేదు. పాత ఫిలమెంట్ బల్బులు వంద ఉన్న సెట్టుకు సుమారు 40 వాట్లు పడితే, ఎల్‌ఈడీలకు ఐదారు వాట్లు సరిపోతాయి. అయినా ఒక దండ చివర ఇంకోటి, దాని చివర మరోటి తగిలించుకుంటూ పోవడానికి ఒక హద్దు ఉంటుంది. ఎన్ని కలపవచ్చో డబ్బా మీద రాసి ఉంటుంది, దాన్ని దాటకూడదు. పాత ఫిలమెంట్ సెట్టునీ కొత్త ఎల్‌ఈడీ సెట్టునీ ఒకదాని చివర ఒకటి కలపడం అసలే వద్దు.

ఆగమన కాలం (అడ్వెంట్), అంటే క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాలు, మాకు మంచి వీలు ఇచ్చింది. అన్నీ ఒకే రోజు కట్టకుండా వారానికి ఒక చోటు చొప్పున వెలిగించాం. అడ్వెంట్ కొవ్వొత్తులు వారానికి ఒకటి చొప్పున పెంచుకుంటూ పోతారు కదా, ఇంటి లైట్లు కూడా అలాగే పెరిగితే ఎదురుచూడటం అంటే ఏమిటో పాపకు కళ్ళకు కట్టినట్టు తెలుస్తుందనుకున్నాను. తెలిసింది కూడా. శనివారం వచ్చిందంటే చాలు, “అమ్మా, రేపు ఎక్కడ వెలిగిస్తాం?” అని అడిగేది.

మొదటి ఆదివారం కిటికీ. ఇక్కడ చాలాసేపు పట్టింది, ఆ సమయమంతా వృథా కాలేదు. పైన కర్టెన్ రాడ్ నుంచి కిందికి వేలాడే దండల తెర తెచ్చాం. గోడకు మేకులు కొట్టలేదు, అంటించే ప్లాస్టిక్ కొక్కేలు వాడాం. అవి నిలవాలంటే గోడను ముందు స్పిరిట్‌తో తుడవాలి. నీళ్ళతో తుడిస్తే తడి మిగిలిపోయి పట్టు తప్పుతుంది. కొక్కేన్ని అర నిమిషం అదిమి పట్టుకుని, కనీసం గంటసేపు ఏమీ తగిలించకుండా వదిలెయ్యాలి. ఈ గంట ఓపిక పట్టినవాళ్ళ కొక్కేలు పండుగ అయ్యేదాకా ఊడవు. స్టేప్లర్ పిన్నులతో వైరు బిగించడం చాలా ఇళ్ళలో చూస్తుంటాం. పిన్ను వైరు తొడుగులోకి దిగిందంటే షాక్ కొట్టే ప్రమాదం ఉంది, దాని జోలికి పోలేదు.

తెర దండలను ముందు కర్టెన్‌కు ఇవతల, గదివైపు వేలాడదీశాం. బల్బులు సూటిగా కళ్ళలోకి కొట్టాయి. అప్పుడు మావారు పల్చటి తెల్ల కర్టెన్‌ను దండల ముందుకు లాగారు. ఒక్కసారిగా గది మారిపోయింది. బల్బులు ఒక్కొక్కటీ విడిగా కనబడకుండా బట్ట వెనక మెత్తగా పరుచుకున్నాయి. రాత్రి కిటికీ అద్దం వెనకాల చీకటి ఉంటుంది కాబట్టి, అద్దంలో ఇంకో వరస దీపాలు కూడా కనిపించాయి. సగం దండలతో రెట్టింపు వెలుగు. కిటికీకి ఎన్ని దండలు కావాలో కొనేముందు ఈ అద్దం సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది. బట్ట దగ్గరగా ఉండే చోట ఎల్‌ఈడీలే వాడాలి, పాత ఫిలమెంట్ బల్బులు వేడెక్కుతాయి.

ఆ సాయంత్రమే మొత్తం ఏర్పాటుకు దారి దొరికింది. కిటికీ వెలుగుతోంది, పైన ట్యూబ్‌లైటు కూడా వెలుగుతోంది. అందరం “బాగుంది” అంటున్నాం కానీ ఎవరి గొంతులోనూ అంత ఉత్సాహం లేదు. మామయ్యగారు కుర్చీలో వెనక్కి వాలి, “అమ్మాయ్, ఆ పెద్ద లైటు ఒకసారి ఆపు” అన్నారు. ఆపాను. మొదట ఏమీ కనబడలేదు. చీకటికి కన్ను అలవాటు పడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది, పూర్తిగా సర్దుకోవడానికి ఇరవై, ముప్పై నిమిషాలు కూడా పడుతుంది. కాసేపటికి కర్టెన్ మడతలు కనిపించాయి, తరువాత బల్ల మీద గ్లాసు అంచు, ఆ తరువాత ఒకరి ముఖాలు ఒకరికి. పావుగంట గడిచాక అదే గదిలో పాప బొమ్మల పుస్తకం తిరగేస్తోంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో సాయంత్రం ఏడు దాటితే హాల్లో ట్యూబ్‌లైటు వెయ్యకూడదన్నది నియమం. భోజనాల దగ్గర, మందులు వేసుకునే దగ్గర మాత్రం మామూలు లైటు ఉండాల్సిందే. మసక వెలుగులో మందుబిళ్ళలు చూసుకోవడం ప్రమాదం.

రెండో ఆదివారం చెట్టు. చాలామంది దండను చెట్టు చుట్టూ తాడులా తిప్పేస్తారు. అలా చేస్తే వెలుగంతా పైపైనే ఉండి, మధ్యలో నల్లగా గుంత పడినట్టు ఉంటుంది. మేం కింద ప్లగ్గు దగ్గర మొదలుపెట్టి, కొమ్మ వెంట లోపలికి కాండం దాకా తీసుకువెళ్ళి, అదే కొమ్మ వెంట వెనక్కి చివరకు తెచ్చి, తరువాతి కొమ్మకు పోయాం. దండ ఎక్కువ పడుతుంది, చేతులకు గీతలు కూడా పడతాయి. కానీ లోపలి బల్బుల వెలుగు ఆకుల సందుల్లోంచి వస్తుంటే చెట్టుకు లోతు వస్తుంది. ఆకుపచ్చ వైరున్న దండ తీసుకోవడం మరిచిపోకూడదు, పారదర్శకమైన వైరు పగటిపూట చెట్టు మీద బాగా కనబడిపోతుంది. సగం కట్టాక నాలుగడుగులు వెనక్కి వెళ్ళి కళ్ళు సగం మూసి చూస్తే ఎక్కడ ఖాళీ ఉందో నల్లగా తెలిసిపోతుంది. బొమ్మలు, గంటలు తగిలించాల్సింది లైట్లు పూర్తయ్యాకే. మెరిసే గాజు బంతులను బల్బుల పక్కనే ఉంచాం, చెక్క బొమ్మలను కొంచెం ఎడంగా.

మూడో వారం పశువుల పాక. నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే, తక్కువ లైట్లు వాడిందీ ఇక్కడే. సన్నటి రాగితీగ మీద గింజల్లాంటి బల్బులుండే దండ ఒకటి, మూడు చిన్న బ్యాటరీలతో నడిచేది. ఆ తీగ ఎలా వంచితే అలా నిలుస్తుంది. ఒకే చోట మళ్ళీ మళ్ళీ వంచితే మాత్రం తెగిపోతుంది. పాక పైకప్పు లోపలి వైపు, ఎండుగడ్డి వెనకాల దాన్ని దాచి పెట్టాం. ఎదురుగా నిలబడితే ఒక్క బల్బు కూడా కనబడదు. తొట్టిలో పడుకున్న బాలయేసు మీద, మరియమ్మ చేతుల మీద మాత్రం వెలుగు పడుతుంది. గొర్రెల కాపరులు సగం చీకటిలోనే ఉన్నారు. బొమ్మలన్నిటినీ వెలిగించమని పాప అడిగింది. కాపరులు ఇంకా నడుచుకుంటూ వస్తున్నారు కదా అన్నాను. ఆ మాట నచ్చి, రోజూ వాళ్ళను కాస్త ముందుకు జరుపుతూ వచ్చింది.

చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళకు ఒక మాట. కొన్ని చిన్న దండల్లో గుండీ ఆకారంలో ఉండే చదును బ్యాటరీలు వస్తాయి. పిల్లలు అవి మింగితే రెండు గంటల్లోపే అన్నవాహికకు తీవ్రమైన గాయం కావచ్చు. అలాంటివి మేం ఇంట్లోకే తేలేదు. మామూలు బ్యాటరీ పెట్టె కూడా మూత స్క్రూతో బిగించేది అయితేనే తీసుకున్నాం.

మెట్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కాలికి తగలకుండా రెయిలింగ్‌కు బయటివైపు కట్టాం, మెత్తటి గుడ్డ ముక్కలతో ముడులు వేశాం.

నాలుగో ఆదివారం బయట. బాల్కనీకి, గుమ్మం పైన నక్షత్రానికి లోపలి దండలు పనికిరావు. బయట వాడేవాటి మీద ఐపీ అనే అక్షరాల పక్కన ఒక అంకె ఉంటుంది. ఐపీ 20 అంటే ఇంట్లోకే. ఐపీ 44 ఉంటే నీటి చిందులను తట్టుకుంటుంది. వాన నేరుగా కొట్టే చోటయితే ఐపీ 65 తీసుకోవడం మంచిది. దండకు రక్షణ ఉన్నా ప్లగ్గుకు, అడాప్టర్‌కు ఉండకపోవచ్చు, కాబట్టి అవి తడవని చోటే ఉండాలి. వైరు ప్లగ్గు కన్నా కిందికి దిగి, వంపు తిరిగి మళ్ళీ పైకి వచ్చేలా వదిలాం. వాన నీళ్ళు వైరు వెంట జారినా ఆ వంపు దగ్గరే కిందికి రాలిపోతాయి. నక్షత్రం లోపల ఒకే ఒక్క బల్బు, అదీ 2,700దే. రంగులు మారే బల్బు పెట్టవచ్చు కానీ నాకు మనసొప్పలేదు. బాలయేసును వెతుక్కుంటూ వచ్చిన జ్ఞానులు దారి కోసం చూసిన నక్షత్రం నిలకడగా ఉండాలనిపిస్తుంది నాకు.

చాలా సెట్లకు ఎనిమిది రకాలుగా వెలిగే కంట్రోలర్ వస్తుంది. మేం అన్నిట్లోనూ ‘స్టెడీ’ మీద పెట్టాం. కొన్ని కంట్రోలర్లు కరెంటు పోయి వస్తే మళ్ళీ మొదటి రకానికి వెళ్ళిపోయి ఆరడం, వెలగడం మొదలుపెడతాయి. కొనే చోటే ప్లగ్గు తీసి పెట్టి చూస్తే పెట్టిన తీరు గుర్తుంచుకుంటుందో లేదో తెలుస్తుంది. కిటికీ దండలకు డిమ్మర్ ఉంది, రాత్రి తొమ్మిది తరువాత సగానికి తగ్గించేవాళ్ళం. నిద్రకు ముందు నీలం తక్కువగా ఉన్న వెలుగు, అదీ మసకగా ఉంటే శరీరం నిద్రకు సిద్ధం కావడానికి అంతగా అడ్డు రాదు. ఆ రోజుల్లో పాప త్వరగా పడుకునేది. పాక దగ్గర దండకు ఆరు గంటలు వెలిగి, పద్దెనిమిది గంటలు ఆగే టైమర్ ఉంది. మొదటిసారి ఏ వేళకు నొక్కితే రోజూ అదే వేళకు వెలుగుతుంది. మిగతావన్నీ పడుకునే ముందు మావారు స్వయంగా ఆపేవారు. రాత్రంతా వదిలెయ్యడం మాకు ఇష్టం లేదు.

పండుగ రాత్రి చుట్టాలు వచ్చాక ఫోటోలు తీశాం. ఫ్లాష్ ఆపెయ్యాలి, ఫ్లాష్ వేస్తే ఆ పసుపంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఫోన్‌ను దేనికైనా ఆనించి, వెలుగు కాస్త తగ్గించి, వైట్ బ్యాలెన్స్‌ను ఆటో నుంచి మార్చి తీస్తే మన కంటికి కనిపించిన రంగు వస్తుంది. ఆటోలో వదిలేస్తే ఫోన్ ఆ వెలుగును తెల్లగా సరిచేసేస్తుంది. చుట్టాల పిల్లలు రంగు లైట్లు లేవేమిటని కాసేపు అడిగారు, తరువాత చెట్టు కింద దుప్పటి పరుచుకుని కబుర్లలో పడిపోయారు. మామయ్యగారు ప్రార్థన అయ్యేదాకా, ఆ తరువాత పాటలు అయ్యేదాకా హాల్లోనే ఉన్నారు. నాకు అంతకన్నా కావలసింది లేదు.

జనవరి 6న, జ్ఞానుల పండుగ అయ్యాక, అన్నీ విప్పాం. విప్పే ముందు ఒక్కో దండనూ మరోసారి వెలిగించి చూశాను. మెట్ల దగ్గరి దాంట్లో చివరి భాగం వెలగడం లేదు, దాన్ని మామూలు చెత్తలో వెయ్యకుండా ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వడానికి పక్కన పెట్టాం. మిగతావి ఒక్కోటీ ఒక్కో అట్టముక్కకు చుట్టి, ప్లగ్గు వైపు పైకి వచ్చేలా ఉంచాం. బ్యాటరీలు తీసేశాం, లోపలే ఉంటే కారి పెట్టె పాడైపోతుంది. గోడ మీది కొక్కేలు తీసేటప్పుడు అంటు పట్టీని మనవైపు లాగకుండా గోడ వెంటే నిదానంగా కిందికి సాగదీస్తే రంగు ఊడిరాలేదు. ప్రతి అట్ట మీదా అది ఏ చోటిదో, ఎన్ని కెల్విన్లో, ఎంత పొడవో పాప చేత స్కెచ్ పెన్నుతో రాయించి, అన్నిటినీ ఒకే పెట్టెలో సర్ది అటక మీద పెట్టాం.